రాజ్యసభలో ఏ రోజు ఏం జరగాలో ఎవరు డిసైడ్ చేస్తారు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పార్లమెంట్ సెషన్ మొదలైతే చాలు మాకు ఒకే రకం ఉత్తరాలు వస్తాయి. సభ వాయిదా పడిందంటారు, నోటీసు తిరస్కరించారంటారు, మైక్ కట్ చేశారంటారు, అసలు లోపల ఈ టైమ్ టేబుల్ ఎవరు వేస్తారు అని అడుగుతుంటారు. లోక్‌సభ గురించి ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి ఈసారి రాజ్యసభ గురించి అడిగినవే తీసుకున్నాం, మన శాసనమండలి మీద వచ్చిన ఒక ప్రశ్న కూడా కలిపాం.

ప్రశ్న: సార్, రేపు ఫలానా బిల్లు మీద నాలుగు గంటల చర్చ అని న్యూస్‌లో వస్తది కదా, ఆ నాలుగు గంటలు అనేది ఎవరు ఫిక్స్ చేస్తారు? చైర్మన్ గారా, ప్రభుత్వమా?
(డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం)

జవాబు: ఇద్దరూ అనాలమ్మా, కానీ ఇద్దరి పనీ ఒకటి కాదు. ఏ బిల్లు తేవాలి, ఏది ముందు, ఏది తర్వాత అనేది ప్రభుత్వం చేతిలో ఉంటుంది, పార్లమెంటరీ వ్యవహారాల శాఖ ఆ లిస్ట్ ఇస్తుంది. దానికి ఎంత టైమ్ ఇవ్వాలనేది బిజినెస్ అడ్వైజరీ కమిటీ చూస్తుంది, తెలుగు పేపర్లలో బీఏసీ అని రాస్తారే అదే. రాజ్యసభ బీఏసీలో చైర్మన్, డిప్యూటీ చైర్మన్‌తో కలిపి 11 మంది ఉంటారు, చైర్మనే అధ్యక్షత వహిస్తారు, పార్టీల తరఫున పెద్ద నాయకులు కూర్చుంటారు. అక్కడ ఈ బిల్లుకి మూడు గంటలు, ఆ చర్చకి నాలుగు గంటలు అని మాట్లాడుకుని సిఫార్సు చేస్తే చైర్మన్ దాన్ని సభలో ప్రకటిస్తారు. ఇక వచ్చే వారం ప్రభుత్వ పనులు ఏమున్నాయో మామూలుగా శుక్రవారం నాడు మంత్రి సభలో చదివి వినిపిస్తారు, అప్పుడు సభ్యులు ఇది కూడా పెట్టండి అది కూడా పెట్టండి అని అడగొచ్చు, పెడతారా లేదా అనేది వేరే సంగతి.

ఇవన్నీ అయ్యాక సెక్రటరీ జనరల్ ఆఫీసు నుంచి లిస్ట్ ఆఫ్ బిజినెస్ అని ఒక కాగితం వస్తుంది, మరుసటి రోజు పొద్దున 11 నుంచి ఏ వరసలో ఏం జరుగుతుందో అందులో ఉంటుంది. సంతాప తీర్మానాలు ఉంటే ముందు అవి, తర్వాత మంత్రులు టేబుల్ మీద పెట్టే కాగితాలు, కమిటీ రిపోర్టులు, ఆ తర్వాత సభ్యులు అర్జెంటు విషయాలు లేవనెత్తే జీరో అవర్, 12కి మంత్రులు ప్రశ్నలకి జవాబు చెప్పే క్వశ్చన్ అవర్, ఒంటిగంటకి లంచ్, రెండింటి నుంచి ఆరింటి దాకా బిల్లులు. కాగితం మీద ఇంతే.

కాగితం మీద అని ఎందుకన్నానంటే, కేటాయించిన టైమ్ అనేది గోడ ఏమీ కాదు, అవసరం అనుకుంటే ఎంతైనా సాగుతుంది. 2025లో వక్ఫ్ సవరణ బిల్లుకి రాజ్యసభలో 8 గంటలు అనుకున్నారు, ఏప్రిల్ 3 మధ్యాహ్నం మొదలైన చర్చ అర్ధరాత్రి దాటి, ఏప్రిల్ 4 తెల్లవారుజామున రెండు దాటాక ఓటింగ్ అయింది, 128 మంది అవునన్నారు, 95 మంది కాదన్నారు. అంటే సభ కూర్చోవాలనుకుంటే కూర్చుంటుంది. అందుకే టైమ్ లేదు అన్న మాట విన్నప్పుడల్లా ఎవరికి టైమ్ లేదు అని నేను అడుగుతాను, మీరూ అడగండి.

బీఏసీ మీటింగ్ కెమెరాల ముందు జరగదు కాబట్టి దాని గురించి పేపర్లలో పెద్దగా రాదు. 2025 జులై 21న మాత్రం వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం బీఏసీ కూర్చుంది, మళ్ళీ సాయంత్రం నాలుగున్నరకి కూర్చోవాలనుకుంటే సభా నాయకుడు నడ్డా, పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి రిజిజు రాలేదని ప్రతిపక్షం చెప్పింది, వేరే పనిలో ఉన్నాం, ముందే కబురు పెట్టాం అని నడ్డా అన్నారు, అదే రాత్రి చైర్మన్ జగదీప్ ధన్‌ఖడ్ ఆరోగ్య కారణాలు చెప్పి ఉపరాష్ట్రపతి పదవికి రాజీనామా చేశారు, ఉపరాష్ట్రపతే రాజ్యసభ చైర్మన్ కదా. మీటింగ్‌కీ రాజీనామాకీ లింకు ఉందా లేదా అనే చర్చలోకి నేను పోను, కానీ దేశంలో చాలామంది బీఏసీ అనే మాట మొదటిసారి విన్నది ఆ రోజే అనుకుంటా.

ప్రశ్న: మా ఎంపీ గారు మా ఏరియా రైల్వే సమస్య గురించి రాజ్యసభలో మాట్లాడుతుంటే మధ్యలోనే మైక్ ఆగిపోయింది, ఆ వీడియో మా వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది, కావాలనే కట్ చేశారని అందరూ కోపంగా ఉన్నారు. నిజమేనా అండీ?
(గృహిణి, విజయవాడ)

జవాబు: జీరో అవర్‌లో అయ్యుంటే కోపం అక్కర్లేదండీ, అక్కడ ఒక్కొక్కరికి మూడే నిమిషాలు, మూడు అవగానే మైక్ దానంతటదే ఆగిపోతుంది, అధికార పార్టీ అయినా ప్రతిపక్షం అయినా అంతే. ముందుగా నోటీసు ఇవ్వాలి, చైర్మన్ ఒప్పుకోవాలి, లిస్టులో పేరు రావాలి, ఇంత దాటుకుని వచ్చాక ఆ మూడు నిమిషాల్లో మొదటి నిమిషం థాంక్యూ సార్ అవకాశం ఇచ్చినందుకు అంటూ గడిపేసేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. స్పెషల్ మెన్షన్ అని ఇంకోటి ఉంది, అది రాసుకొచ్చి చదవడమే, 250 పదాలు మించకూడదు.

బిల్లుల మీద చర్చ అయితే లెక్క వేరు. అక్కడ టైమ్‌ని పార్టీలకి బలాన్ని బట్టి పంచుతారు. సభలో మొత్తం సీట్లు 245, ఆంధ్రప్రదేశ్‌వి 11, తెలంగాణవి 7. నాలుగు గంటల చర్చ అంటే 240 నిమిషాలు, 11 మంది ఉన్న పార్టీకి మహా అయితే 11 నిమిషాలు వస్తాయి, 7 మంది ఉంటే ఏడు నిమిషాలు, ఇద్దరుంటే రెండు నిమిషాలు. ఆ వచ్చిన కాస్త టైమ్‌ని పార్టీ తరఫున ఒక్కరికే ఇస్తారా, ఇద్దరికి పంచుతారా అనేది ఆ పార్టీ నాయకుడి ఇష్టం. చిన్న పార్టీలవాళ్ళకి చైర్‌లో కూర్చున్నవాళ్ళు కొంచెం చూసీచూడనట్టు వదిలేస్తుంటారు, అది రూల్ కాదు, మంచితనం. మన రెండు రాష్ట్రాల గొంతు ఢిల్లీలో వినపడట్లేదు అని అనుకునేటప్పుడు ఈ నిమిషాల లెక్క కూడా గుర్తుంచుకోవాలి, పది నిమిషాల్లో పోలవరం, స్టీల్ ప్లాంట్, విభజన హామీలు అన్నీ చెప్పాలంటే ఎవరైనా ఆదరాబాదరాగానే చెప్తారు.

ఇంకో మాట, మన ఎంపీలు తెలుగులోనే మాట్లాడొచ్చు, ఇంటర్‌ప్రిటర్లు ఉంటారు. వెంకయ్యనాయుడు గారు చైర్మన్‌గా ఉన్నప్పుడు 2018లో డోగ్రీ, కశ్మీరీ, కొంకణి, సంతాలీ, సింధీ కూడా చేర్చడంతో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషలకీ ఆ ఏర్పాటు వచ్చింది. తెలుగుకి అంతకు ముందు నుంచే ఉంది. మూడు నిమిషాల్లో రాని ఇంగ్లీషుతో కుస్తీ పట్టేకన్నా తెలుగులో సూటిగా చెప్పడం మేలు అని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: లోక్‌సభలో క్వశ్చన్ అవర్ 11కి, రాజ్యసభలో 12కి. ఎందుకిలా? అమెరికాలో ఉండి లైవ్ చూసేవాళ్ళకి కన్ఫ్యూజన్‌గా ఉంది.
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్)

జవాబు: రాజ్యసభలోనూ ఒకప్పుడు 11కే ఉండేది. సభ మొదలవగానే గొడవ మొదలయ్యేది, గొడవకి బలయ్యేది క్వశ్చన్ అవరే, రోజూ ప్రశ్నలు కొట్టుకుపోయేవి. 2014 శీతాకాల సెషన్ నుంచి అప్పటి చైర్మన్ హమీద్ అన్సారీ గారు దాన్ని 12కి జరిపారు, ముందు గంట జీరో అవర్‌కి ఇచ్చారు, అరిచేవాళ్ళు ఆ గంటలో అరిచేస్తే 12కల్లా మంత్రులు కుదురుగా జవాబు చెప్తారు అన్నది ఆలోచన. సాయంత్రం సభ టైమ్ కూడా ఆరింటిదాకా పెంచారు. పని చేసిందా అంటే కొన్ని సెషన్లలో చేసింది, కొన్నింటిలో గొడవే 12 దాకా సాగింది.

రోజుకి నోటితో జవాబు చెప్పే స్టార్డ్ ప్రశ్నలు 15 ఉంటాయి, రాతపూర్వకంగా ఇచ్చేవి 160. మంత్రిత్వ శాఖల్ని గ్రూపులు చేసి వారంలో ఒక్కో రోజు ఒక్కో గ్రూపుకి ఇస్తారు, కాబట్టి మీ ప్రశ్న ఉన్న రోజు సభ వాయిదా పడిందంటే ఆ మంత్రి మళ్ళీ దొరికేది వారం తర్వాతే. గొడవ వల్ల పోయేది గంటే కదా అనుకుంటాం, ఆ సభ్యుడికి మాత్రం అది వారం.

ప్రశ్న: రూల్ 267, రూల్ 176 అని రోజూ వింటున్నాం. రెండూ చర్చలే కదా, ఏ రూల్ కింద అయితే ఏంటి, దాని కోసం రోజుల తరబడి సభ ఆపుకోవడం ఏంటి అన్నా?
(కిరాణా షాపు యజమాని, అనంతపురం)

జవాబు: తమ్ముడూ, బయట నుంచి చూస్తే మొండితనంలాగే కనిపిస్తుంది, కానీ తేడా ఉంది. రూల్ 267 అంటే ఆ రోజు లిస్టులో ఉన్న పనులకి సంబంధించి రూల్‌ని సస్పెండ్ చేసి, అన్నీ పక్కన పెట్టి దీని మీదే మాట్లాడదాం అని అడగడం. 176 అంటే షార్ట్ డ్యూరేషన్ చర్చ, రెండున్నర గంటలు మించదు, చివర్లో ఓటింగ్ ఉండదు, మిగతా పనులు వాటి దారిన అవి నడుస్తుంటాయి. మాట్లాడే విషయం ఒకటే కావచ్చు, కానీ ప్రభుత్వం తన పని ఆపి కూర్చుని వినాలా, తీరిక చూసుకుని వినాలా అన్నదే కొట్లాట.

లోక్‌సభలో అయితే వాయిదా తీర్మానం ఉంది, అవిశ్వాస తీర్మానం ఉంది. రాజ్యసభలో ఆ రెండూ లేవు, ఎందుకంటే రాజ్యాంగం ప్రకారం మంత్రివర్గం జవాబుదారీ లోక్‌సభకే. దాంతో రాజ్యసభలో ప్రతిపక్షానికి చేతికందే పెద్ద ఆయుధం ఈ 267 ఒక్కటే అయిపోయింది, అందుకే పొద్దున్నే నోటీసుల మీద నోటీసులు ఇస్తారు. చైర్మన్ ఒప్పుకుంటేనే అది ముందుకెళ్తుంది. 2016 నవంబర్‌లో పెద్దనోట్ల రద్దు మీద అన్సారీ గారు ఒప్పుకున్నారు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి తిరస్కరణలే.

2023 జులైలో మణిపూర్ మీద ఏం జరిగిందో చూడండి. ప్రతిపక్షం 267 కింద కావాలంది, ప్రభుత్వం 176 కింద రెడీ అంది, ధన్‌ఖడ్ 176 నోటీసుల్ని ఒప్పుకున్నారు, వీళ్ళు 267 కావాల్సిందే అన్నారు, రోజులు రోజులు అలాగే పోయాయి. నా దృష్టిలో ఇద్దరూ తప్పు చేశారు, కానీ సమానంగా కాదు. సభని నడిపించే బాధ్యత ఎక్కువగా ప్రభుత్వానిది, ఒక రాష్ట్రం తగలబడుతున్నప్పుడు ఆ రోజు లిస్టులోని పనులు మర్నాటికి జరపడం వల్ల కొంప మునిగేదేమీ లేదు. అలాగని ప్రతిరోజూ పది విషయాల మీద 267 నోటీసులు పడేస్తే ఆ రూల్‌కి ఉన్న బరువు కూడా పోతుంది, ఏది నిజంగా అర్జెంటో చైర్మన్‌కే కాదు, మనకీ తెలీదు.

ప్రశ్న: మా తెలంగాణ బిల్లు 2014ల రాజ్యసభల అంత లొల్లి నడుమ ఎట్ల పాసైంది? ఓటింగ్ పెట్టలేదని ఆంధ్రా దోస్తులు ఇప్పటికీ అంటుంటరు. నిజం చెప్పుండ్రి.
(రిటైర్డ్ టీచర్, నల్లగొండ)

జవాబు: సార్, ఇది మాకు ఎప్పుడూ వచ్చే ప్రశ్నే, ఈసారి క్యాలెండర్ దగ్గర్నుంచి చెప్తా, ఎందుకంటే ఆ రోజు జరిగింది అర్థం కావాలంటే తేదీలు ముఖ్యం.

లోక్‌సభలో బిల్లు పాసైంది 2014 ఫిబ్రవరి 18న. రాజ్యసభలో ఫిబ్రవరి 20న. ఆ పదిహేనో లోక్‌సభకి చివరి సెషన్ ముగిసింది ఫిబ్రవరి 21న, ఆ తర్వాత ఎలక్షన్లే. ఇప్పుడు రూల్ ఏంటంటే, లోక్‌సభ పాస్ చేసిన బిల్లులో రాజ్యసభ ఒక్క అక్షరం మార్చినా అది మళ్ళీ లోక్‌సభకి వెళ్ళి అక్కడ ఒప్పించుకోవాలి. మిగిలింది ఒక్క రోజు. లోక్‌సభ పాస్ చేసి రాజ్యసభలో ఆగిపోయిన బిల్లు ఆ లోక్‌సభ రద్దయితే మురిగిపోతుంది కూడా. కాబట్టి ఫిబ్రవరి 20 మధ్యాహ్నానికి అందరికీ తెలుసు, సవరణ ఏదైనా నెగ్గిందంటే బిల్లు ఆగిపోయినట్టే.

ఆ రోజు వెల్‌లో, అంటే చైర్మన్ కుర్చీ ముందున్న జాగాలో, సభ్యులు నిలబడి అరుస్తూనే ఉన్నారు, డిప్యూటీ చైర్మన్ కురియన్ గారు ఎన్నిసార్లు వాయిదా వేసి మళ్ళీ మొదలుపెట్టారో, బిల్లు పెట్టింది హోంమంత్రి షిండే. ప్రతిపక్షం నుంచి వెంకయ్యనాయుడు గారు సీమాంధ్రకి న్యాయం చేయాలంటూ సవరణలు పెట్టారు, ప్రత్యేక హోదా పదేళ్ళు కావాలని అడిగారు. ప్రధాని మన్మోహన్ సింగ్ లేచి హోదా అయిదేళ్ళు ఇస్తామని, ఇంకొన్ని హామీలతో కలిపి ఒక ప్రకటన చదివారు. సవరణలు మూజువాణి ఓటుతో వీగిపోయాయి, బిల్లు మూజువాణి ఓటుతోనే నెగ్గింది. మార్చి 1న రాష్ట్రపతి సంతకం, జూన్ 2న తెలంగాణ.

మీ ఆంధ్రా దోస్తులు అనేది, అవునంటే అవును కాదంటే కాదు అని గొంతులతో తేల్చారు, బటన్ నొక్కే డివిజన్ జరగలేదు అని. అది నిజం. మూజువాణి ఓటు కూడా పూర్తిగా చట్టబద్ధమే, మన చట్టాల్లో ఎక్కువ భాగం అలాగే పాసవుతాయి, ఇదీ నిజమే. కానీ మూజువాణితో తేల్చినప్పుడు సభ్యుడు డివిజన్ అడిగితే ఇవ్వాలన్నది రూలే, సభ అదుపులో లేదు కాబట్టి ఇవ్వలేం అనే జవాబు 2020 సెప్టెంబర్ 20న వ్యవసాయ బిల్లుల రోజు కూడా వచ్చింది. ఆ రోజు ఆదివారం, కోవిడ్ కాబట్టి రాజ్యసభ పొద్దున 9 నుంచి ఒంటిగంట దాకానే, ఒంటిగంట అయ్యాక రేపు కొనసాగిద్దాం అని ప్రతిపక్షం, ఇవాళే తేల్చేద్దాం అని ప్రభుత్వం, చైర్‌లో ఉన్న డిప్యూటీ చైర్మన్ హరివంశ్ గారు సభని పొడిగించారు, ఆ పొడిగింపు దగ్గరే రచ్చ మొదలైంది, బిల్లులు మూజువాణితో పాసయ్యాయి, మర్నాడు ఎనిమిది మంది సస్పెండ్. సభ ఎంతసేపు కూర్చోవాలన్నది మామూలుగా అందరినీ అడిగి చేసే పని, అడిగి ఒప్పించుకుని ఉంటే ఆ చట్టాల కథ మరోలా ఉండేదేమో, 2021 నవంబర్‌లో వాటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది కదా.

మీకు తెలంగాణ వచ్చింది, సంతోషం. ఆంధ్రకి మాత్రం హోదా అనేది చట్టంలో లైను కాకుండా సభలో చదివిన ప్రకటనగానే మిగిలిపోయింది. క్యాలెండర్‌లో ఇంకో వారం ఉండి ఉంటే ఆ లైను చట్టంలోకి వచ్చేదా రాదా అన్నది ఎవరూ చెప్పలేరు, కానీ వారం లేకపోవడం వల్ల ఆ ప్రయత్నానికి అసలు చోటే లేకుండా పోయింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ప్రశ్న: పై విషయంలోనే. హోదాని చట్టంలో పెట్టమని కేవీపీ గారు ప్రైవేట్ బిల్లు పెట్టారు కదా, అది ఏమైంది? ఓటింగ్ దాకా వచ్చి ఎందుకు ఆగింది?
(న్యాయవాది, ఒంగోలు)

జవాబు: దీనికి జవాబు మొత్తం శుక్రవారాల్లోనే ఉందండీ. మంత్రులు కాని సభ్యులు పెట్టే బిల్లులకీ తీర్మానాలకీ శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు ఇస్తారు, ఒక శుక్రవారం బిల్లులు, తర్వాతి శుక్రవారం తీర్మానాలు. అంటే బిల్లు పెట్టిన సభ్యుడికి రెండు వారాలకి ఒక్కసారే అవకాశం, ఒక సెషన్‌లో లెక్కపెడితే రెండో మూడో వస్తాయి, అందులో ఒకటి పండగకి పోతుంది, ఇంకోటి గొడవకి పోతుంది.

కాంగ్రెస్ ఎంపీ కేవీపీ రామచంద్రరావు గారు విభజన చట్టానికి సవరణ తెచ్చి ప్రధాని ఇచ్చిన హామీలని చట్టంలో చేర్చమన్నారు. 2016 జులై 22, శుక్రవారం, ఆ బిల్లు లిస్టులో ఉంది, ఓటింగ్ అయిపోతుందని ఆంధ్రలో టీవీల ముందు కూర్చున్నారు. అదే రోజు లోక్‌సభ ఎంపీ భగవంత్ మాన్ పార్లమెంట్ సెక్యూరిటీని వీడియో తీసి పెట్టిన గొడవ రాజ్యసభలోకి కూడా వచ్చింది, అధికార పక్షం సభ్యులే లేచి నినాదాలు చేశారు, సభ వాయిదా పడింది, బిల్లు రాలేదు. మామూలుగా సభని ఆపేది ప్రతిపక్షం అనుకుంటాం, ఆ మధ్యాహ్నం మాత్రం అలా కాదు. జులై 29 శుక్రవారమే గానీ అది తీర్మానాల వంతు. మధ్యలో హోదా మీద షార్ట్ డ్యూరేషన్ చర్చ పెట్టారు, అన్ని పార్టీలూ మాట్లాడాయి, ఓటు ఉండదు కాబట్టి ఏమీ తేలలేదు.

మళ్ళీ బిల్లుల శుక్రవారం ఆగస్టు 5. ఆ రోజు ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ గారు ఇది మనీ బిల్లు, అంటే ఖజానా డబ్బుకి సంబంధించిన బిల్లు, రాజ్యసభలో దీని మీద ఓటింగే కుదరదు అని వాదించారు, మనీ బిల్లు అవునా కాదా అని తేల్చాల్సింది లోక్‌సభ స్పీకర్ కాబట్టి విషయం అక్కడికి పంపారు. అంతటితో ఓటింగ్ ఆశ పోయింది. సెప్టెంబర్‌లో హోదా బదులు ప్రత్యేక ప్యాకేజీ ప్రకటన వచ్చింది. లాయర్ గారు కాబట్టి మీకు ఈ పాయింట్ కొట్టొచ్చినట్టు కనపడే ఉంటుంది, అభ్యంతరం అంత బలమైనదే అయితే బిల్లుని తీసుకున్న రోజే చెప్పాలి, చర్చంతా అయ్యి ఓటు దగ్గరికొచ్చాక కాదు.

ప్రైవేట్ బిల్లులు అసలు నెగ్గవా అంటే, రాజ్యసభలో 2015 ఏప్రిల్ 24న డీఎంకే ఎంపీ తిరుచ్చి శివ గారి ట్రాన్స్‌జెండర్ హక్కుల బిల్లు నెగ్గింది, అదీ కొన్ని దశాబ్దాల తర్వాత. అంత అరుదు.

ప్రశ్న: 2020లో మన శాసనమండలిలో రూల్ 71 అని పెద్ద గొడవ అయింది గుర్తుందా మేడమ్? బిల్లుని ఓడించకుండానే ఎలా ఆపగలిగారు?
(బ్యాంకు ఉద్యోగి, గుంటూరు)

జవాబు: గుర్తు లేకేం, ఏ పని ముందు చేయాలనే విషయం మీద అంత గట్టి పోరు మన దగ్గర ఎప్పుడూ జరగలేదు. మూడు రాజధానుల బిల్లు అసెంబ్లీలో పాసై జనవరి 21న మండలికొచ్చింది. 58 మంది ఉన్న మండలిలో టీడీపీదే పైచేయి. బిల్లు తీసుకోకముందే యనమల రామకృష్ణుడు గారు రూల్ 71 నోటీసు ఇచ్చారు, అంటే ప్రభుత్వ విధానాన్ని వ్యతిరేకించే తీర్మానం ముందు చర్చించాలని. చైర్మన్ షరీఫ్ గారు ఒప్పుకున్నారు, ఆ రోజంతా దాంతోనే సరిపోయింది. 22న రాత్రి ఆయన విచక్షణాధికారంతో బిల్లుని లోతుగా పరిశీలించే సెలక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. 27న అసెంబ్లీ మండలినే రద్దు చేయాలని తీర్మానం చేసింది, దాన్ని 2021 నవంబర్‌లో వెనక్కి తీసుకున్నారు.

జనానికి అంతగా గుర్తులేనిది జూన్ 17. అప్పటికి అసెంబ్లీ ఆ బిల్లుల్ని మళ్ళీ పాస్ చేసి పంపింది, వాటితో పాటు ద్రవ్య వినిమయ బిల్లు కూడా మండలికొచ్చింది, అంటే ఖజానాలోంచి డబ్బు తీయడానికి కావాల్సిన బిల్లు. ముందు డబ్బుల బిల్లు తీసుకుందాం అని టీడీపీ, ముందు రాజధాని బిల్లులు తీసుకోండి అని మంత్రులు. ఏది ముందు అన్నది తేలకుండానే మండలి నిరవధికంగా వాయిదా పడింది, రెండూ కాలేదు. మనీ బిల్లు 14 రోజులు ఆగితే పై సభ ఒప్పుకున్నట్టే లెక్క కాబట్టి ఆ గడువు అయ్యేదాకా ఆగాల్సి వచ్చింది, ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు జులై మొదట్లో లేటయ్యాయి. మీది బ్యాంకు కాబట్టి ఆ నెల ఈఎంఐల సంగతి మీ కౌంటర్ దగ్గర వినే ఉంటారు. అజెండాలో ఒకటో నంబరు, రెండో నంబరు అనే తగాదా ఒక టీచర్ ఇంటి కిస్తీ దాకా వెళ్ళింది, అందుకే ఇవన్నీ రాజకీయ నాయకుల ఆటలు మనకెందుకు అంటే నేను ఒప్పుకోను.

రాజధాని బిల్లుల సంగతంటారా, రాష్ట్ర మండలి ఏ బిల్లునైనా ఆలస్యం చేయగలదు గానీ చంపలేదు, మొదటిసారి మూడు నెలలు, రెండోసారి నెల, అంతే. నెల దాటాక జులై 31న గవర్నర్ సంతకం అయింది, 2021 నవంబర్‌లో ప్రభుత్వమే వాటిని రద్దు చేసుకుంది. రాజ్యసభకి మాత్రం మామూలు బిల్లుల విషయంలో ఇంతకన్నా బలం ఉంది, రెండు సభలకీ పడకపోతే ఉమ్మడి సమావేశం పెట్టాలి, అది ఇప్పటిదాకా 1961, 1978, 2002ల్లో మూడుసార్లే జరిగింది.

ప్రశ్న: సభలో పది మంది కూడా లేకుండా ఖాళీ కుర్చీలకి మాట్లాడుతుంటారు, అది చెల్లుతుందా?
(ఆటో డ్రైవర్, వరంగల్)

జవాబు: కోరం పదో వంతు, అంటే రాజ్యసభలో 25 మంది. అంతకన్నా తక్కువున్నా ఎవరూ లేచి అడగనంతసేపు సభ నడిచిపోతుంది, అడిగితే బెల్లు కొడతారు, వచ్చేదాకా ఆగుతారు, రాకపోతే వాయిదా. సాయంత్రాలు, ముఖ్యంగా శుక్రవారం సాయంత్రాలు, ఊళ్ళకి ఫ్లైట్లు ఎక్కే టైమ్ కాబట్టి కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. పైన చెప్పిన ప్రైవేట్ బిల్లులు వచ్చేది సరిగ్గా అప్పుడే.

ప్రశ్న: రేపు రాజ్యసభలో ఏముందో మాలాంటివాళ్ళం ముందుగా తెలుసుకోవచ్చా?
(గ్రూప్స్ అభ్యర్థి, కర్నూలు)

జవాబు: సుబ్బరంగా తెలుసుకోవచ్చు బాబూ, పైసా ఖర్చు లేదు. సంసద్ డాట్ ఇన్ సైట్‌లో రాజ్యసభ సెక్షన్‌లోకి వెళ్తే లిస్ట్ ఆఫ్ బిజినెస్ దొరుకుతుంది. ముందు రోజు సాయంత్రం చూసి పడుకోకు, రివైజ్డ్ అని ఇంకోటి పెడతారు, ఒక్కోసారి సప్లిమెంటరీ అని మరోటి, కొత్త బిల్లులు అలా చివర్లో వచ్చి చేరేవి కూడా ఉంటాయి, పొద్దున పదింటికి మళ్ళీ ఒకసారి చూడు. అక్కడే బులెటిన్లు రెండు రకాలు ఉంటాయి, పార్ట్ 1లో ఆ రోజు సభలో ఏం జరిగిందో, పార్ట్ 2లో సభ్యులకిచ్చే సమాచారం, బీఏసీ ఏ బిల్లుకి ఎన్ని గంటలు కేటాయించిందో కూడా చూడొచ్చు. లైవ్ కావాలంటే సంసద్ టీవీ, 2021 సెప్టెంబర్‌లో లోక్‌సభ టీవీ, రాజ్యసభ టీవీ కలిపేసి పెట్టారు, యూట్యూబ్‌లో కూడా వస్తుంది.

పరీక్షకి చదువుతున్నావు కాబట్టి ఒక పని చెయ్యి, లిస్టులో ఉన్నవి ఎన్ని, సాయంత్రానికి నిజంగా అయినవి ఎన్ని అని పార్ట్ 1 బులెటిన్‌తో పక్కపక్కన పెట్టి ఒక వారం చూడు. ఏ పని రోజూ కిందకి జరుగుతోందో కనిపిస్తుంది. అది ఏ శాఖదో, ఎవరు అడిగిందో రాసి మాకు పంపు, వచ్చే నెల ఈ పేజీలో వేస్తాం.